పాట మధ్యలో పిక్ దాచి వేళ్లకు మారడం ఎలా: బేస్ గిటార్ వాయించేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

రెండేళ్ల క్రితం ఒక సంగీత్ ఫంక్షన్‌లో మూడో పాట మధ్యలో నా పిక్, అంటే తీగల్ని మీటే చిన్న ప్లాస్టిక్ ముక్క, చెమటకు జారి, స్టేజి చెక్కల సందులోకి పోయింది. పెద్దగా కంగారుపడలేదు. ఇంట్లో ఎక్కువగా వేళ్లతోనే వాయిస్తాను కాబట్టి చూపుడువేలు, మధ్యవేలు దించి లాగించేశాను. స్వరం తప్పలేదు, లయ తప్పలేదు. గట్టెక్కేశాననుకుని స్టేజి దిగాను.

మర్నాడు ఎవరో ఫోన్‌లో తీసిన వీడియో చూస్తే అసలు సంగతి తెలిసింది. పిక్ పడిపోయిన క్షణం నుంచి బేస్ పక్క గదిలో కూర్చుని వాయిస్తున్నట్టుంది. దానికి తోడు నేను ముట్టుకోని లావు తీగ ఒకటి పాట పొడుగునా మూలుగుతూనే ఉంది. పిక్ పట్టుకున్నంతసేపూ ఆ తీగను నా అరచేతి అంచు నొక్కి ఉంచింది. వేళ్లకు మారేసరికి అరచెయ్యి పైకి లేచింది. ఆ పనిని ఇంకెవరికీ అప్పజెప్పలేదు.

పిక్ పట్టడం, వేళ్లతో మీటడం విడివిడిగా నేర్పే పాఠాలు బోలెడు దొరుకుతాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి దాటేటప్పుడే చిక్కంతా. అక్కడ చెడేది స్వరం కాదు, నిశ్శబ్దం. మోగకూడని తీగల్ని ఎవరు ఆపుతున్నారన్నది తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఒక మాట ముందే చెప్పుకుందాం. మామూలు నాలుగు తీగల బేస్‌నే దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అన్నిటికన్నా లావు తీగ నాలుగోది, అన్నిటికన్నా సన్నది ఒకటోది. ఎడమచేతి వాటం వాళ్లు కుడి, ఎడమ తిప్పి చదువుకోండి.

అసలు మారడం ఎందుకు?

1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు సన్న తీగ వైపు ఒక చిన్న పట్టీ బిగించాడు. వేళ్లు దానికి ఆనించి బొటనవేలితో మీటుతారని ఆయన లెక్క. వాయించేవాళ్లు ఆ లెక్కకు కట్టుబడలేదు. అమెరికాలో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో ప్రపంచాన్ని ఊపేశాడు. లాస్ ఏంజెలెస్‌లో కరోల్ కే అసలు గిటారిస్టు. 1963లో ఒక రికార్డింగ్ సెషన్‌కు బేస్ వాయించే మనిషి రాకపోతే ఆవిడ బేస్ అందుకుంది, పిక్‌తోనే వాయించింది. తీగలు అదేపనిగా మోగకుండా ఫెల్ట్ ముక్క పెట్టేది. పిక్‌తో అంత పేరు తెచ్చుకున్న మనిషి కూడా తీగల నోరు నొక్కడానికి విడిగా ఏర్పాటు చేసుకుందన్నమాట.

పిక్ మొరటుది, వేళ్లు సున్నితం అనే మాట మన దగ్గర తరచూ వినిపిస్తుంది. వీణ మీద చూపుడువేలు, మధ్యవేలు నడవడం చూసి పెరిగినవాళ్లం కాబట్టి అలా అనిపించడం సహజమే. కానీ పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు పిక్ పట్టుకునే కర్ణాటక సంగీతం వాయించారు. కాబట్టి ఆ వాదన పక్కన పెట్టేయండి.

నా లెక్క ఇది. ఒకే స్వరం మీద డ్రమ్స్‌తో పాటు గుర్రంలా పరిగెత్తే చోట, గిటార్ల హోరులో బేస్ వినపడాల్సిన చోట పిక్. స్వరాల మధ్య జారుడు, ఒక తీగ వదిలి ఇంకో తీగకు దూకే ఆక్టేవ్‌లు (అదే స్వరం ఒక స్థాయి పైన), వినీ వినపడని దెబ్బలు ఉన్న చోట వేళ్లు. ఇళయరాజా పాటల్లో బేస్ ఒక్కోసారి రెండో గొంతులా నడుస్తుంది. అలాంటి ఒక పాట ఎంచుకుని రెండు పద్ధతుల్లోనూ వాయించి చూడండి, ఏ వాక్యం దేన్ని అడుగుతుందో చెవికే తెలుస్తుంది.

మొదటి అడుగు: దాచుకోవడానికి వీలైన పిక్

బేస్‌కు పెద్ద త్రికోణం పిక్ వాడమని చాలామంది చెబుతారు. పట్టుకోవడానికి అది నిజంగానే హాయి. కానీ పాట మధ్యలో అరచేతిలో దాచాలంటే మూలలు గుచ్చుకుంటాయి. మామూలు గిటార్ పిక్ ఆకారమే మనకు మేలు.

మందం 0.88 నుంచి 1.14 మిల్లీమీటర్ల మధ్య చూసుకోండి. డన్‌లప్ టార్టెక్స్ రకంలో ఆకుపచ్చది 0.88, నీలం 1.0, ఊదా 1.14. పల్చటి పిక్ లావు తీగ మీద వంగిపోయి ‘చటక్’మని ప్లాస్టిక్ చప్పుడు చేస్తుంది. మరీ మందమైతే తీగ నుంచి బయటపడటానికి ఆలస్యమవుతుంది. నేను నీలం దగ్గర ఆగిపోయాను.

విజయవాడలోనో విశాఖలోనో మే నెలలో వాయించేవాళ్లకు జారుడు మామూలే. పిక్ రెండు వైపులా మధ్యభాగాన్ని గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్దండి. అంచులు మాత్రం ముట్టుకోవద్దు.

రెండో అడుగు: చేయి ఎక్కడ ఉంటుందో చూసుకోవడం

అద్దం ముందు నిలబడి, స్ట్రాప్ వేసుకుని, పిక్‌తో నాలుగు దెబ్బలు, వేళ్లతో నాలుగు దెబ్బలు వాయించండి. ముంజేయి ఎంత కదిలిందో గమనించండి. చాలామందికి పిక్ పట్టగానే చేయి బ్రిడ్జ్ (బేస్ ఒంటి మీద తీగల చివర్లు బిగించే లోహపు భాగం) వైపు జరుగుతుంది, మోచేయి వెనక్కి పోతుంది. వేళ్లకు రాగానే మళ్లీ ముందుకొస్తుంది. ఈ ప్రయాణమే మీ సమయాన్ని తినేస్తుంది.

ముంజేయి బేస్ ఒంటి మీద ఆనే చోటును రెండు పద్ధతులకూ ఒకటే చేసుకోండి. అక్కణ్నుంచి మణికట్టు మాత్రమే కొద్దిగా తిరగాలి. బేస్ మరీ కిందకు వేలాడుతుంటే వేళ్లతో వాయించేటప్పుడు మణికట్టు బాగా మడిచిపోతుంది, నొప్పి కూడా వస్తుంది. స్ట్రాప్ రెండు రంధ్రాలు పైకి బిగిస్తే చాలా ఇబ్బందులు వాటంతటవే పోతాయి. చూడటానికి స్టైల్ కాస్త తగ్గుతుంది, అంతే.

మూడో అడుగు: మోగకూడని తీగల కాపలా

తొందరపడకూడని చోటు ఇది.

ముందు వేళ్ల సంగతి. నాలుగో తీగ వాయించేటప్పుడు బొటనవేలు పికప్ మీద, అంటే తీగల కింద శబ్దాన్ని అందుకునే పెట్టె మీద, ఆనుతుంది. మూడో తీగకు వెళ్లినప్పుడు మీటిన వేలు తీగను దాటొచ్చి నాలుగో తీగకు ఆని ఆగుతుంది. ఆ ఆనడమే దాన్ని మూగబెడుతుంది. రెండో తీగకు, ఒకటో తీగకు వెళ్లినప్పుడు బొటనవేలు కూడా పికప్ వదిలి నాలుగో తీగ మీద కూర్చోవాలి. రెండో తీగ మీటిన వేలు మూడోదానికి ఆనుతుంది, ఒకటోది మీటిన వేలు రెండోదానికి ఆనుతుంది. ఒకటో తీగ వాయించేటప్పుడు మధ్యలో మూడోది ఒంటరిగా మిగులుతుంది కదా. దాన్ని బొటనవేలి పక్కభాగమో ఉంగరపువేలో చూసుకోవాలి.

ఇప్పుడు పిక్. పిక్ తీగను దాటి గాల్లోకి పోతుంది, దేనికీ ఆనదు. అందుకని లావు తీగల కాపలా అరచేతి అంచుది, అంటే చిటికెనవేలు వైపు మెత్తటి భాగానిది. మూడో తీగ వాయిస్తుంటే ఆ అంచు నాలుగో తీగ మీద, బ్రిడ్జ్‌కు కాస్త ముందు, బరువు లేకుండా పడి ఉండాలి. నాలుగో తీగనే వాయిస్తుంటే మోగే ప్రమాదం సన్న తీగలది. అక్కడ ఎడమచేయి పనిచేయాలి: ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు గీత) దగ్గర నొక్కుతున్న చూపుడువేలు కొన నిలువుగా కాకుండా కాస్త పడుకోబెడితే, కింద ఉన్న సన్న తీగల్ని దాని పొట్ట తాకుతుంది. నొక్కకూడదు, తాకితే చాలు.

పిక్ నుంచి వేళ్లకు మారినప్పుడు అరచేతి అంచు లేస్తుంది, బొటనవేలు ఇంకా దిగలేదు. ఆ మధ్య సందులో నాలుగో తీగకు కాపలా లేదు. నా వీడియోలో మూలిగింది ఆ తీగే, నేను బొటనవేలిని పికప్ మీదే వదిలేశాను కాబట్టి అది చివరిదాకా మూలిగింది. దీనికి మందు ఒకటే: ఆ క్షణంలో బాధ్యత ఎడమచేతికివ్వడం. ఎడమచేతి మధ్యవేలో చూపుడువేలు కొనో నాలుగో తీగను తాకుతూ ఉండగానే కుడిచేయి మారాలి.

పరీక్ష కూడా చెబుతాను. యాంప్ వాల్యూమ్ పెంచండి. మూడో తీగ మీద ఐదో ఫ్రెట్ పట్టి పిక్‌తో ఒక దెబ్బ కొట్టండి, వేళ్లకు మారండి, ఇంకో దెబ్బ వేయండి, ఎడమచేత్తో ఆ స్వరాన్ని ఆపేయండి. ఇప్పుడు గదిలో ఏం వినపడుతోంది? యాంప్ బుసబుస తప్ప ఇంకేదైనా వినపడితే ఏదో తీగకు కాపలా లేనట్టే. ఈ ఒక్క పరీక్షను నేను వారం రోజులు చేశాను. మొదటి మూడు రోజులు ప్రతిసారీ ఏదో ఒకటి మోగింది.

నాలుగో అడుగు: పిక్ ఎక్కడికి పోవాలి

నేను వాడే పద్ధతిని నెమ్మదిగా విడదీసి చెబుతాను. పిక్ బొటనవేలు మెత్తటి భాగానికీ చూపుడువేలు పక్కకూ మధ్య ఉంది. చివరి దెబ్బ కిందకు కొట్టాను. చేయి అదే ఊపులో కాస్త తెరుచుకుంటుంది. అప్పుడు బొటనవేలు పిక్‌ను చూపుడువేలు మీదుగా లోపలికి, అరచేతి వైపు నెడుతుంది. మధ్యవేలు కొన కింద నుంచి అందుకుని సాయం చేస్తుంది. ఉంగరపువేలు, చిటికెనవేలు ముడుచుకుని పిక్‌ను అరచేతికి అదిమేస్తాయి. బస్సులో చిల్లర పట్టుకుని అదే చేత్తో టికెట్ అందుకుంటాం చూడండి, అచ్చం ఆ కదలికే. బొటనవేలు ఖాళీ అయింది, పికప్ మీదకో నాలుగో తీగ మీదకో దిగుతుంది. చూపుడువేలు, మధ్యవేలు మీటడానికి సిద్ధం.

తిరిగి రావడం దీనికన్నా కష్టం. ఉంగరపువేలు కొనతో పిక్‌ను ముందుకు దొర్లించాలి, బొటనవేలు వచ్చి అందుకోవాలి, చూపుడువేలు పక్కన చేరాలి. ఇక్కడ పిక్ తిరగబడి వస్తుంది, కొన లోపలికి ఉండిపోతుంది. అలా వస్తే సరిచేసుకోవడానికి ప్రయత్నించకండి, పిక్ గుండ్రటి భుజంతోనే వాయించేయండి. శబ్దం కాస్త మెత్తగా వస్తుంది తప్ప పాట ఆగదు.

రెండో పద్ధతిలో పిక్ అరచేతిలోకి పోదు. చూపుడువేలు మడిచి, మొదటి కణుపు మడతలో పిక్‌ను ఇరికించి, మధ్యవేలు, ఉంగరపువేలుతో మీటుతారు. మార్పు చాలా వేగంగా జరుగుతుంది. కానీ ఉంగరపువేలు బలహీనం, దానికి నెలల సాధన కావాలి. రెండు మూడు బార్ల (ఇక్కడ బార్ అంటే నాలుగు బీట్ల వరస) కోసం మారాల్సిన పాటల్లో మాత్రం ఇదే నయం.

పళ్ల మధ్య పెట్టుకోవడం గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నా: కోరస్ పాడేవాళ్లకు అది కుదరదు, పైగా తడిసిన పిక్ జారుతుంది. పాటలో ఒక్కసారే మారి మళ్లీ రానవసరం లేకపోతే పిక్‌గార్డ్ (బేస్ ఒంటికి బిగించిన ప్లాస్టిక్ పలక) అంచు కింద దూర్చేయండి.

ఇక అసలు మారకుండా తప్పించుకునే దారి కూడా ఒకటుంది. చూపుడువేలిని బొటనవేలితో పిక్ పట్టినట్టే పట్టి, ఆ వేలి గోటితో కిందకూ పైకీ కొట్టడం. నాలుగు బార్ల కోరస్‌కు ఇది సరిపోతుంది. మూడు పాటలు అలాగే వాయిస్తే గోరు అరిగిపోతుంది, నాకు అనుభవమే.

ఐదో అడుగు: సాధన

మొదటి మూడు రోజులు బేస్ ముట్టుకోకండి. టీవీ చూస్తూ, ఫోన్ మాట్లాడుతూ పిక్‌ను లోపలికి, బయటికి తిప్పుతూ ఉండండి. రోజుకో వందసార్లు. చెయ్యి చూడకుండా కిందపడకుండా వస్తోందంటే బేస్ తీయొచ్చు.

మెట్రోనోమ్ 60 మీద పెట్టండి. ఫ్రెట్ నొక్కకుండా మూడో తీగ ఒక్కటే, బీటుకు రెండు దెబ్బలు. నోటితో ‘తక ధిమి’ అనుకుంటూ, తక ఒక బీటు, ధిమి ఒక బీటు. పిక్‌తో నాలుగు బార్లు, చివరి బార్లో నాలుగో బీటు ఖాళీ, ఆ ఖాళీలో మారడం, వేళ్లతో నాలుగు బార్లు, మళ్లీ ఖాళీ, మళ్లీ పిక్. ఇది నిద్రలో కూడా వచ్చేదాకా వేగం పెంచవద్దు. తర్వాత నాలుగు బార్లను రెండు చేయండి, తర్వాత ఒకటి.

వేగం లెక్క ఒకసారి వేసి చూడండి. 60లో ఒక బీటు అంటే ఒక సెకను, తీరిగ్గా మారొచ్చు. 100లో 0.6 సెకను. 120లో అర సెకను. ఆ ఖాళీని అర బీటుకు తగ్గించారంటే 120లో మీ చేతికి మిగిలేది పావు సెకను. పిక్ నుంచి వేళ్లకు పావు సెకనులో రావడం సాధ్యమే. వేళ్ల నుంచి పిక్‌కు రావడానికి నాకు ఇప్పటికీ అర సెకను పడుతుంది. అందుకే రెండు దిక్కులకూ ఒకే లక్ష్యం పెట్టుకోకండి.

పిక్ దెబ్బలు మొదట్లో అన్నీ కిందకే కొట్టండి. కిందకూ పైకీ కొట్టడం మొదలుపెట్టాక పై దెబ్బ పల్చబడుతుంది, ఒక పట్టాన చెవికి తెలియదు. వేళ్లలోనూ అంతే, మధ్యవేలు దెబ్బ చూపుడువేలు దెబ్బకు సమానం కాదు. ఈ లోపాల్ని బయటపెట్టడానికి ‘తకిట తకిట’ బాగా పనికొస్తుంది. మూడేసి దెబ్బలు పడటంతో ప్రతి ‘త’ దగ్గర దిక్కు మారుతుంది, లేదా వేలు మారుతుంది. ఒక ‘త’ గట్టిగా, ఇంకోటి నీరసంగా వినిపిస్తే దొంగ దొరికినట్టే.

ఆరో అడుగు: రెండు గొంతుల్ని సమం చేయడం

పిక్ దెబ్బ ఆరంభంలోనే ఎగిసిపడుతుంది, టక్కుమనే అంచు ఉంటుంది. వేలి దెబ్బ గుండ్రంగా మొదలవుతుంది. అందుకే యాంప్ ముట్టుకోకపోయినా వేళ్లకు రాగానే బేస్ వెనక్కి పోయినట్టు ఉంటుంది. నా వీడియోలో రెండో తప్పు ఇదే.

వాల్యూమ్ నాబ్ తిప్పడానికి ముందు కొట్టే చోటు మార్చి చూడండి. బ్రిడ్జ్ దగ్గర తీగ బిగుతుగా ఉంటుంది, శబ్దం సన్నగా, స్పష్టంగా వస్తుంది. మెడ వైపు వెళ్లేకొద్దీ మెత్తబడుతుంది. కాబట్టి పిక్‌తో కొట్టేటప్పుడు రెండు వేళ్ల వెడల్పు మెడ వైపు జరగండి, వేళ్లతో మీటేటప్పుడు అంతే దూరం బ్రిడ్జ్ వైపు రండి. ముంజేయి కదలనక్కర్లేదు, మణికట్టు చాలు. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ యెస్‌లో వాయించిన క్రిస్ స్క్వైర్ పిక్ కొన మాత్రం కాస్త బయటికి ఉంచి, దాని వెంటే బొటనవేలి అంచు కూడా తీగకు తగిలేలా కొట్టేవాడు. మీ పిక్ శబ్దం మరీ ఎండిపోయినట్టు ఉంటే ఇలా చేసి చూడండి, కండ పడుతుంది.

ఇంకా తేడా మిగిలితే కంప్రెసర్, అంటే గట్టి శబ్దాన్ని తగ్గించి హెచ్చుతగ్గుల్ని సమం చేసే పరికరం. నిష్పత్తి నాలుగుకు ఒకటి దగ్గర మొదలుపెట్టండి. అటాక్ సమయం, అంటే అది పని మొదలుపెట్టడానికి తీసుకునే సమయం, మరీ ఎక్కువ పెడితే పిక్ మొదటి దెబ్బ దాటిపోయాకే కంప్రెసర్ మేలుకుంటుంది, ఉపయోగం ఉండదు. తక్కువలో పెట్టి, వేళ్ల దెబ్బ ఊపిరాడనట్టు అనిపించేదాకా తగ్గించి, అక్కణ్నుంచి కాస్త వెనక్కి రండి.

పిక్‌తో గట్టిగా కొడితే తీగలు ఫ్రెట్ల మీద గరగరలాడుతున్నాయా? తీగల ఎత్తు మీ వేళ్లకు తగ్గట్టు మరీ కిందకు పెట్టి ఉంటుంది. కొంచెం లేపించండి, లేదా పిక్‌ను నిదానంగా కొట్టడం నేర్చుకోండి. రెండోది ఉచితం.

కొలత కోసం చెవిని నమ్మకండి. వాయిస్తున్నప్పుడు మన చేతికి తెలిసిన సంగతే మన చెవి వింటుంది. ఫోన్‌ను గది అవతలి మూలన పెట్టి రికార్డు చేసి, ఓ గంట తర్వాత వినండి. ఇంకా మంచిది, బ్యాండ్‌లో ఎవరినైనా అడగడం. ఒక ప్రాక్టీసులో నేను ఒకే పాటలో నాలుగుసార్లు మారాను. అయిపోయాక మా డ్రమ్మర్ “ఏరా, ఇవాళ పిక్ తేలేదా?” అన్నాడు. ఏ సర్టిఫికెట్టూ దానికి సాటి రాదు.

ఏడో అడుగు: పాటలో చోటు వెతకడం

పాట చేతికి రాగానే ఎక్కడ మారాలో కాగితం మీద రాసుకోండి. చరణం మొదటి బీటు మీద మారాలని అనుకుంటే, మార్పు దానికి ముందు బార్లోనే అయిపోవాలి. అక్కడ ఖాళీ లేకపోతే చేసుకోవాలి.

ఖాళీ చేసుకోవడానికి నేను ఎక్కువగా వాడేవి మూడు. మొదటిది, చివరి స్వరాన్ని పొడుగ్గా మోగనివ్వడం. ఎడమచేయి పట్టుకుని ఉంటుంది, కుడిచేయి తన పని చూసుకుంటుంది. రెండోది, స్వరం కొట్టి ఎడమచేత్తో మెడ కిందకు జార్చడం. చరణంలోకి దిగేటప్పుడు ఇది పాటకు అందం కూడా. మూడోది, ఎడమచేతి వేలితో ఫ్రెట్ మీద కొట్టి స్వరం పలికించడం, దాన్నే హామర్ ఆన్ అంటారు. కుడిచేయి లేకుండానే రెండు స్వరాలు వస్తాయి.

ఈ మూడూ కుదరని చోట మారకండి. ఆ పాట మొత్తం ఏదో ఒక పద్ధతిలో వాయించేయండి. వినేవాళ్లకు మీ చేతిలో ఏముందో అక్కర్లేదు.

స్టేజి రోజు

మైక్ స్టాండ్‌కు పిక్ హోల్డర్ తగిలించి, అందులో మూడు పిక్‌లు కొనలు ఒకే వైపు ఉండేలా పెట్టండి. ఇంకోటి పిక్‌గార్డ్ కింద, ఇంకోటి జేబులో. జేబులోది చివరి ఆశ మాత్రమే, పాట మధ్యలో ఎవరూ జేబులో చెయ్యి పెట్టలేరు. సౌండ్ చెక్‌లో ఇంజనీరుకు రెండు పద్ధతుల్లోనూ వాయించి వినిపించండి. లేకపోతే పిక్ శబ్దానికి సెట్ చేసి వదిలేస్తాడు, మీరు వేళ్లకు రాగానే మళ్లీ పక్క గదిలోకే.

పిక్ చేజారితే వంగి వెతక్కండి. బొటనవేలు నేరుగా నాలుగో తీగ మీదకు దించి, బ్రిడ్జ్ వైపు రెండు వేళ్లు జరిగి, కొంచెం గట్టిగా మీటండి.